కాల్చే ముందు పేరు కనుక్కుందాం

హాస్టల్ పెరట్లో కొత్త ఈగ ఏది కనబడినా మనం అనే మాట ఒక్కటే: తేనెటీగలొచ్చాయి, వార్డెన్ సార్‌కు చెప్పండి. ఆ తర్వాత కర్ర, గుడ్డ, కిరోసిన్, మంట. పేరైనా తెలియకుండా చంపడం చదువుకునేవాళ్ళు చేయవలసిన పని కాదని మేము అంటున్నాం.

గౌలిగూడ ఇరుకు సందుల్లో తోటలెక్కడివి అనుకోవద్దు. పక్కనే కోఠిలో పాత రెసిడెన్సీ ఆవరణ ఉంది, అదే నేటి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. అక్కడ పెద్ద చెట్లున్నాయి. ఇక మన పెరట్లో నాలుగు వంగ మొక్కలు, రెండు గులాబీలున్నా చాలు, ఈగలు వెతుక్కుంటూ వస్తాయి.

పొట్ట మీద నీలం చారలతో, పువ్వు ముందు గాలిలో నిలబడి చటుక్కున పక్కకు జరిగే ఈగను చూశారా? శాస్త్రంలో దాన్ని అమెజిల్లా అంటారు. అది పట్టు పెట్టదు, తేనె దాచదు. ఆడ ఈగ మట్టిలోనో మట్టిగోడలోనో తన బొరియ తానే తవ్వుకుంటుంది. అంటే మనం కాల్చడానికి అసలు పట్టే లేదు! వంగపువ్వులో పుప్పొడి కేసరాల కొనల దగ్గర సన్నని రంధ్రాల వెనక దాగి ఉంటుంది. ఈ ఈగ పువ్వును కరచుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తే అది జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. మెస్‌లో రోజూ వంకాయేనా అని సణిగే మిత్రులకు దీని మీద కోపం రావచ్చు, అది వేరే సంగతి.

నల్లగా మెరుస్తూ ఎండు కర్రను, వెదురును గుండ్రంగా తొలిచేది తుమ్మెద. పాటల్లో వింటే మురిసిపోతాం, కిటికీలోకి వస్తే చీపురు తీస్తాం. మగ తుమ్మెదకు ముల్లే ఉండదు. గులాబీ ఆకు అంచును కత్తెర పెట్టినట్టు గుండ్రంగా కోసుకుపోయేది కూడా ఒక ఈగే, గూట్లో పరుచుకోవడానికి.

అసలు మాట ఇది. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్ళం. మా అమ్మానాయనలు బడి ముఖం చూడకపోయినా, పొదలో కొమ్మకు అరచేయంత పట్టు పెట్టేది జుంటీగ అనీ, తొర్రలో, పుట్టలో వరుసగా పట్లు పెట్టేది పుట్టతేనె ఈగ అనీ, బండకో ఎత్తైన కొమ్మకో ఒకే పెద్ద పట్టు పెట్టేది కొండ ఈగ అనీ విడదీసి చెప్పగలరు. పుస్తకంలో ఏపిస్ ఫ్లోరియా, సెరానా, డోర్సాటా అని ఉన్నవి ఆ మూడే. లాటిన్ పేరు రాస్తే మార్కులొస్తాయి, ఇంటి పేరు చెబితే క్లాసులో నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి మనమే ఆ పేర్లు మరిచిపోతున్నాం. ఇది చిన్న నష్టం కాదు.

అన్నీ సాధువులని మేము అనడం లేదు. కొండ ఈగల పట్టు జోలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి కుడితే ఆ ముల్లు దగ్గర పుట్టే వాసన మిగతావాటిని పిలుస్తుంది. అందుకే రాళ్ళు వేయకుండా, మంట పెట్టకుండా దూరంగా ఉండి, తెలిసినవాళ్ళను పిలిపించాలి.

రీడింగ్ రూంలో ఒక నోటుబుక్కు పెడుతున్నాం. ఈగను చూసినవాళ్ళు తేదీ, ఏ పువ్వు మీద, ఏ రంగు, గూడు ఎక్కడ అన్నవి రాయండి. మీ జిల్లాలో దాన్ని ఏమంటారో పక్కనే రాయండి. నీలం చారల ఈగ పేరు మా గదుల్లో ఎవరూ చెప్పలేకపోయారు. పాత విద్యార్థుల్లో తెలిసినవారుంటే ఒక కార్డు ముక్క రాయగలరు.