సంఖ్యాబలమూ, భాషాబలమూ

అల్పసంఖ్యాకుల భాషను గూర్చి చర్చ వచ్చినప్పుడల్లా మొదట వినవచ్చే ప్రశ్న 'ఎంతమంది ఉన్నారు?' అన్నదే. సంఖ్య చాలనప్పుడు ఆ భాషకు బడి ఎందుకు, కార్యాలయంలో చోటెందుకు అని వాదించేవారు మన మధ్య కూడా లేకపోలేదు. ఈ వాదం సమంజసం కాదని మా అభిప్రాయం. అందుకు నిదర్శనంగా నార్వే దేశపు ఉత్తరకొసన ఉన్న ఒక మునిసిపాలిటీ వృత్తాంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

దాని పేరు కౌటోకెయినో. సామీ ప్రజలు తమ భాషలో దానిని గువొవ్దగెయ్‌ద్ను అంటారు. 'నడిమిదారి' అని అర్థం చెబుతారు. ఫిన్‌మార్క్ ప్రాంతంలో, సముద్రానికి దూరంగా, ఎత్తయిన మైదానం మీద ఉన్నది. వైశాల్యంలో నార్వే మునిసిపాలిటీలన్నిటిలోనూ ఇదే పెద్దది. సుమారు 9,700 చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రం 3,000కు లోపే. లెక్క కట్టి చూస్తే మూడు చదరపు కిలోమీటర్లకు ఒక్క మనిషి. జనులలో అత్యధికులు సామీలు.

ఇంత నేలలో ఇంత తక్కువ మంది ఉండడానికి భూగోళమే కారణం. సూర్యుడు కొన్ని వారాలపాటు ఉదయించని చలికాలం, కొన్ని వారాలపాటు అస్తమించని వేసవి. ఎటు చూచినా సరస్సులు, బురదనేలలు, పొట్టి భూర్జవృక్షాలు. వ్యవసాయానికి ఈ నేల అనుకూలించదు. కాని రెయిన్‌డీర్ అనే ధ్రువప్రాంతపు జింకలకు ఇది శీతకాలపు నెలవు. లోనాడు కనుక ఇక్కడి మంచు పొడిగా, తేలికగా ఉంటుంది. జింకలు గిట్టలతో దానిని త్రవ్వి అడుగునున్న నాచువంటి మేతను తినగలవు. వేసవి రాగానే మందలు తీరానికి తరలిపోతాయి. మనుష్యులు కనిపించనంత మాత్రాన అది ఎవరికీ చెందని నేల కాదు. మందకు ఎంత మేర అవసరమో అంత మేరా అది కొందరి జీవనాధారమే.

ఈ సత్యాన్ని ప్రభుత్వాలు చాలకాలం గ్రహించలేదు. 1751లో సరిహద్దు గీత గీసినప్పుడు, అంతవరకు స్వీడన్ ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతం నార్వే వైపునకు వచ్చింది. మందలతో సరిహద్దు దాటే హక్కును నాటి ఒడంబడిక సామీలకు మిగిల్చింది. కాని 1852లో ఫిన్లాండు సరిహద్దు మందలకు మూసివేయబడింది. అదే సంవత్సరం నవంబరులో మద్యవ్యాపారం మీది ఆగ్రహం, అధికారుల దండనలు, మతోద్రేకం అన్నీ కలిసి తిరుగుబాటుగా పరిణమించాయి. ఒక వర్తకుడూ ఒక పోలీసు అధికారీ హతులైనారు. 1854లో ఇద్దరు సామీ నాయకులకు శిరచ్ఛేదం జరిగింది. వారి తలలను శాస్త్రపరిశోధన పేర భద్రపరచి, 1997లో గాని ఖననానికి తిరిగి ఇవ్వలేదు.

కత్తికంటె నెమ్మదిగా, కాని అంతకంటె లోతుగా కోసినది పాఠశాల. 1880 నుండి బడులలో నార్వేజియన్ భాషను బలవంతంగా ప్రవేశపెట్టారు. 1902నాటి భూమి చట్టం క్రింద ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనాలంటే ఆ భాష వచ్చి ఉండాలన్న నియమం వచ్చింది. ఫలితంగా తీరప్రాంతంలోని అనేక సామీ కుటుంబాలు తమ భాషను పోగొట్టుకున్నాయి. లోనాటి కౌటోకెయినోలో మాత్రం అది నిలిచింది. మంద వద్ద, మంచులో, ఇంటిలో ఆ భాషతోనే పని జరుగుతూ ఉండడమే అందుకు ముఖ్యకారణమని మేము భావిస్తున్నాము.

ఐతే పని ఒక్కటే చాలలేదు. ఆల్టా నది మీద ఆనకట్ట కట్టదలచినప్పుడు, మొదటి ప్రణాళిక ప్రకారం ఈ మునిసిపాలిటీలోని మాజే గ్రామం మునిగిపోవలసి ఉండెను. ఆ గ్రామం దక్కింది. కాని 1978లో పార్లమెంటు ఆనకట్టకు అనుమతి ఇచ్చింది. 1979లో సామీలు ఓస్లోలో నిరాహారదీక్ష పూనారు. 1981లో పోలీసులు నిరసనకారులను తొలగించారు. ఆనకట్ట కట్టబడింది గాని, ఆ పోరాటం వ్యర్థం కాలేదు. 1987లో సామీ చట్టం, 1989లో సామీ పార్లమెంటు వచ్చాయి. ఆ 1989లోనే కౌటోకెయినోలో సామీ ఉన్నత విద్యాకళాశాల వెలసింది. 1992 నుండి అమలైన భాషా నిబంధనల ప్రకారం, సామీలో విన్నపం వ్రాసినవానికి అక్కడి కార్యాలయం సామీలోనే జవాబివ్వాలి.

మూడువేల మంది లేని చోట కళాశాల నిలిచింది. మన వద్ద 1918లో హైదరాబాదున నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నతశాస్త్రాలను బోధించి చూపింది. కనుక ఒక దేశభాష శాస్త్రానికి చాలదన్న మాట మన గడ్డపై నిలువదు. ఉర్దూ, తెలుగు మాట్లాడేవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. కాని సంఖ్యను చూచి ధీమా పడడం, సంఖ్యను చూచి నిరాశపడడం రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. భాషను నిలిపేది లెక్క కాదు, వాడుక.

కావున విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఇది. మాతృభాషను కవితలకూ, వీడ్కోలు సభలకూ మాత్రమే అట్టిపెట్టకండి. మీరు చదివే అర్థశాస్త్రాన్ని, వృక్షశాస్త్రాన్ని ఆ భాషలో వ్రాయండి. ప్రక్కబల్లపై కూర్చున్న మిత్రుని భాషలో కనీసం ఒక పేజీ చదవడం నేర్చుకోండి. కార్యవర్గ పెద్దలకు కూడా ఒక విన్నపం: రాబోయే సంచికలో ఉర్దూ, తెలుగు విభాగాలు రెండింటిలోనూ శాస్త్రవ్యాసాలకు చోటు కేటాయించండి; విద్యార్థి ఏ భాషలో అర్జీ వ్రాస్తే ఆ భాషలోనే కళాశాల కార్యాలయం జవాబిచ్చే ఏర్పాటు చేయండి. దీనికి పెద్ద ధనం అక్కరలేదు, సంకల్పం చాలును.