ఆదివారం... అట్టముక్క మీద!

హాంకాంగ్‌లో సెంట్రల్ అనే ప్రాంతం ఉంది. ముంబయిలో నారీమన్ పాయింట్ ఎలాగో అక్కడ ఇది అలాగన్నమాట. ఆకాశాన్నంటే బ్యాంకులు, కళ్లు చెదిరే షోరూములు. వారమంతా అక్కడ సూటూబూటూ తప్ప మరొకటి కనపడదు. ఆదివారం తెల్లారేసరికి మాత్రం సీను మొత్తం మారిపోతుంది. హెచ్‌ఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం కింద, పాదచారుల వంతెనల మీద, చేటర్ రోడ్డు నడిమధ్యన... ఎటు చూసినా నేల మీద పరిచిన అట్టముక్కలు. వాటి మీద బాసింపట్లు వేసుక్కూర్చున్న ఆడవాళ్లు. వందలు కాదు, వేలు! చెప్పులు మాత్రం అట్టకు అవతలే ఉంటాయి. మనం గుమ్మం బయట విడిచినట్టే.

వీళ్లంతా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి హాంకాంగ్ ఇళ్లలో పనిచేసేవాళ్లు. 75 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో ఇలాంటి విదేశీ పనివాళ్లు మూడు లక్షలకు పైనే. సగం మందికిపైగా ఫిలిప్పీన్స్ వాళ్లు. తర్వాతి స్థానం ఇండోనేసియాది. వాళ్ల ఆదివారం అడ్డా వేరు, కాజ్‌వే బేలోని విక్టోరియా పార్కు.

విదేశంలో ఉద్యోగం, వీకెండ్ షికారు అనగానే మన కళ్లముందు మెదిలే బొమ్మ ఇది కాదు. అదే హాంకాంగ్‌లో బ్యాంకుల్లో పనిచేసే బ్రిటిషర్లు, ఆస్ట్రేలియన్లు సెలవు రోజున స్నేహితులంతా కలిసి పడవ అద్దెకు తీసుకుని సముద్రంలోకి వెళ్తారు. లామా దీవిలో చేపలూ రొయ్యలతో భోంచేస్తారు. సాయంత్రానికి లాన్ క్వాయ్ ఫాంగ్ పబ్బులు ఎలాగూ ఉన్నాయి. వాళ్లను 'ఎక్స్‌పాట్లు' అంటారు. అదే నగరానికి సముద్రం దాటి గిన్నెలు తోమడానికి వస్తే 'హెల్పర్లు' అంటారు. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే!

సరే, సెలవు రోజున హాయిగా ఇంట్లో పడుకోవచ్చుగా, రోడ్డెక్కడం ఎందుకు?

ఎందుకంటే వాళ్లకు ఇల్లు లేదు. హాంకాంగ్ నిబంధనల ప్రకారం విదేశీ పనిమనిషి యజమాని ఇంట్లోనే ఉండాలి. 2003 నుంచి ఈ రూలు మరీ బిగిసింది. వేరే గది అద్దెకు తీసుకుంటామన్నా కుదరదు. దీనిమీద కోర్టుకెక్కితే 2020లో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. అసలే అక్కడివి అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లు. చాలామంది పిల్లల గదిలోనో, వంటింటి పక్కన సందులోనో పడుకుంటారు. ఇంట్లో ఉంటే సెలవైనా సరే ఏదో ఒక పని తగులుకుంటుంది. అందుకే వారానికొక రోజు, ఏకధాటిగా 24 గంటలు, చట్టం ఇచ్చిన ఆ సెలవును బయట గడుపుతారు. కొంతమంది ఇళ్లలో రాత్రి తొమ్మిదికో పదికో తిరిగొచ్చి తీరాలన్న ఆంక్ష ఉంటుంది. అంటే ఆ 24 గంటలూ పూర్తిగా దక్కనట్టే!

అలా అని ఆ అట్టల మీద ఏడుపుమొహాలు కనిపిస్తాయనుకుంటే పొరపాటు. ముందుగా చర్చి. గార్డెన్ రోడ్డులోని సెయింట్ జోసెఫ్ చర్చి ఆదివారం కిటకిటలాడుతుంది. ఆ తర్వాత వరల్డ్‌వైడ్ హౌస్‌లో ఇంటికి డబ్బు పంపే పని. ఇక అక్కణ్నుంచి అంతా వాళ్లదే రాజ్యం. ఒకే ఊరి వాళ్లు ఒకేచోట చేరతారు. వెనిగర్, సోయాసాస్, వెల్లుల్లి వేసి వండిన 'అడోబో' మాంసం, అన్నం డబ్బాలు తెరుస్తారు. పుట్టినరోజైతే 'పన్సిత్' నూడుల్స్ ఉండాల్సిందే, అవి తింటే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. ఒకరు గోళ్లరంగు వేస్తుంటే, మరొకరు జుట్టు కత్తిరిస్తారు. పక్కన డ్యాన్స్ రిహార్సల్. ఇంకోచోట 'బాలిక్‌బయాన్' పెట్టెలు సర్దుడు. సబ్బులు, చాక్లెట్లు, పిల్లలకు బట్టలు... అన్నీ కుక్కి ఓడలో ఇంటికి పంపే పెద్ద అట్టపెట్టెలివి. పెద్దదాన్ని 'ఆతే' అని పిలుస్తారు. అంటే అక్క! సాటి పనివాళ్లే అక్కాచెల్లెళ్లవుతారు.

అందాల పోటీలూ జరుగుతాయి. కిరీటాలు, గౌన్లు, హైహీల్స్‌తో వాళ్లు చేసే హడావుడి మీద తీసిన 'సండే బ్యూటీ క్వీన్' డాక్యుమెంటరీ 2016 మెట్రో మనీలా చిత్రోత్సవంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. వ్యాపార సినిమాలతో పోటీపడి మరీ! ఇక క్సైజా క్రూజ్ బకానీది ఇంకో కథ. తల్లిలాగే ఆమె కూడా హాంకాంగ్‌లో ఇంటిపని చేసింది. యజమానురాలు అప్పిచ్చిన డబ్బుతో కెమెరా కొనుక్కుని, తీరిక దొరికినప్పుడల్లా వీధుల్లో ఫొటోలు తీసింది. 2015లో మాగ్నం ఫౌండేషన్ ఫెలోషిప్ వచ్చి, ఫొటోగ్రఫీయే వృత్తి అయిపోయింది.

మన కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల సంగతి తెలిసినవారికి ఈ ఆదివారం విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇంటిపనివారికి వారానికొక సెలవు ఇవ్వాలని కువైట్‌లో చట్టం వచ్చింది 2015లో. కాగితం మీద ఉన్న సెలవు గడప దాటి బయటికి రావడం అంత తేలిక కాదు. పదిమందీ ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే వీలు లేకపోతే, ఎవరికి జీతం ఆగిందో ఎవరు దెబ్బలు తింటున్నారో బయటికెలా తెలుస్తుంది? సెంట్రల్‌లో అట్టల మధ్య కార్మిక సంఘాల కరపత్రాలు పంచుతారు, ఒప్పందంలోని షరతులు విడమరిచి చెబుతారు.

ఈ చోటు కూడా ఊరికే నిలవలేదు. సెలవు రోజుల్లో చేటర్ రోడ్డు మీద వాహనాలు ఆపేయడం 1980ల్లో మొదలైంది. 1992లో ఆ రోడ్డును మళ్లీ తెరవాలని, వీళ్లవల్ల షాపుల కళ తప్పిపోతోందని పెద్ద రగడే జరిగింది. భూగర్భంలోని కారు పార్కింగులు వీళ్లకు కేటాయిస్తే సరిపోదా అన్న సలహా కూడా వచ్చింది! ఆ మాట విని మనసు చివుక్కుమననివాళ్లుంటారా? చివరికి రోడ్డు వీళ్లకే మిగిలింది.

మిగలనిది ఇంకొకటుంది. హాంకాంగ్‌లో ఏడేళ్లు వరసగా ఉంటే విదేశీ బ్యాంకు ఉద్యోగికి శాశ్వత నివాస హక్కు వస్తుంది. ఇంటిపనివారికి ఇరవై ఏళ్లున్నా రాదు. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2013లో ఆ సంగతి తేల్చిచెప్పేసింది. ఉద్యోగం ఊడితే రెండు వారాల్లో హాంకాంగ్ విడవాలి.

సాయంత్రమయ్యేసరికి డబ్బాలు మూతపడతాయి. అట్టల్లో కొన్ని పాత పెట్టెలు ఏరుకుని బతికే హాంకాంగ్ ముసలమ్మల దగ్గర కొన్నవే. వాటిని మడిచి, కట్టలు కట్టి, నేలంతా శుభ్రం చేసి మెట్రో వైపు నడుస్తారు. సోమవారం పొద్దున్నే యజమాని పిల్లలకు టిఫిన్ బాక్సులు సర్దాలి కదా!