వికలాంగుల సంరక్షణ: ఫోనులో నేర్వదగినది ఎంత?

రాజోలు ప్రాంతం నుండి ఒక సోదరి ఈ శీర్షికకు లేఖ వ్రాశారు. ఆమె ఇంటర్మీడియట్ పూర్తిచేశారు. పద్నాలుగేళ్ల తమ్మునికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. తల్లి కువైట్‌లో ఒక ఇంట పనిచేస్తున్నారు. తమ్ముని స్నానం, భోజనం, మందులు అన్నీ ఈ సోదరి చేతిమీదుగానే జరుగుతున్నాయి. “ఎలాగూ ఈ పనే చేస్తున్నాను గదా, దీనినే చదువుగా చదివి ఉపాధి చేసుకోరాదా అని ఆలోచన. ఫోనులోనే నాలుగు వారాలు చదివితే సర్టిఫికెట్టు ఇస్తారట, ఆస్ట్రేలియాలో కూడా చెల్లుతుందట. అబ్బాజాన్ డబ్బు సర్దుతానంటున్నారు. కట్టమంటారా?” అన్నది వారి ప్రశ్న.

సోదరీ, ఆ డబ్బు ఇప్పుడే కట్టవద్దు. చదవాలనే ఆలోచనను మాత్రం విడువవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు వేరు గనుక విడివిడిగా చెప్పవలసియున్నది.

మన దేశంలో వికలాంగుల పునరావాసానికి సంబంధించిన శిక్షణలను నిర్ణయించే అధికారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉన్నది. 1992 నాటి చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఇది. ఏ కోర్సులో ఏమి బోధించాలో, ఏ సంస్థ బోధించవచ్చునో అది నిర్ణయిస్తుంది. ఉత్తీర్ణులైనవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదు చేస్తుంది. నమోదు లేకుండా పునరావాస వృత్తినిపుణులుగా పనిచేసేవారికి ఏడాది వరకు జైలుశిక్ష గాని, 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. సొంత తమ్మునికి సేవ చేసే అక్కకు ఈ నిబంధనతో పనిలేదు. కాని అదే సేవను వృత్తిగా చేపట్టదలచినవారికి, తమ చేతిలోని కాగితం ఎవరు ఇచ్చినదన్న ప్రశ్న అక్కడినుండే మొదలవుతుంది.

ఆమె ఆశించిన చదువుకు చాలా దగ్గరగా ఉండే కోర్సు ఒకటి మన దేశంలోనే ఉన్నది. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ‘కమ్యూనిటీ బేస్డ్ ఇన్‌క్లూజివ్ డెవలప్‌మెంట్’ అనే ఆరునెలల శిక్షణను ప్రారంభించింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలసి దానిని రూపొందించాయి. గ్రామంలో ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ కార్యకర్తతో కలసి, వైకల్యం ఏ రకమైనదైనా ఆ కుటుంబానికి తోడునిలిచే కార్యకర్తలను తయారుచేయటం దాని ఉద్దేశం. వారికి ‘దివ్యాంగ్ మిత్ర’ అని పేరు పెట్టారు. పాఠ్యాంశాలను మొదటినుండే ఇంగ్లీషు, హిందీలతో పాటు అందించదలచిన ఏడు ప్రాంతీయ భాషలలో తెలుగు ఒకటి. కరోనా కాలం గనుక కొంత ఆన్‌లైన్‌లో, కొంత ప్రత్యక్షంగా బోధించే వీలు కూడా కల్పించారు. ఈ రంగంలో మనకు సమీపంలోని పెద్ద జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్నది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా ఏర్పడి, ఇప్పుడు మేధో వికలాంగుల సాధికారత జాతీయ సంస్థగా పిలువబడుతున్నది. ఇటువంటి కోర్సు ఈ ఏడు ఎక్కడ నడుస్తున్నదో ముందుగా అక్కడ విచారించండి.

అయితే కోనసీమ ఆడపిల్లకు సికింద్రాబాద్ దగ్గరేమీ కాదు. అమలాపురానికి నేటికీ రైలు లేదు. రాత్రంతా బస్సు ప్రయాణం, ఆపై హాస్టలు ఖర్చు, ఇంట తమ్ముణ్ణి ఎవరు చూడాలన్న చింత. ఫోనులో చదువు ఆకర్షించటానికి కారణం సోమరితనం కాదని మనం గ్రహించాలి. ఇల్లు కదలలేనివారికి అదే తెరచిన తలుపు. కనుక ఆ తలుపులోనుండి ఏమేమి లోపలికి రాగలవో న్యాయంగా లెక్కచూడాలి.

రాగలిగినవి తక్కువేమీ కావు. మూర్ఛ వచ్చినప్పుడు మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? తాళాలగుత్తి చేతిలో పెడతాం, పళ్ల మధ్య చెంచా దూర్చుతాం, నోట్లో నీళ్లు పోస్తాం. మొదటిది నిష్ప్రయోజనం. తక్కిన రెండూ ప్రాణాపాయం. రోగిని ఒక ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టాలి, మెడవద్ద దుస్తులు వదులు చేయాలి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. ఇది పాఠంగా వినిన ఇంట ఒక బిడ్డ బ్రతుకుతాడు. అలాగే మంచానికే పరిమితమైనవారిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు త్రిప్పాలనీ, నడుము, మడమ, తుంటి ఎముకలవద్ద చర్మం ఎర్రబారితే అది ఒత్తిడి పుండుకు తొలి సూచన అనీ తెరమీద చూచి నేర్చుకోవచ్చు. చట్టం కూడా అంతే. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆ జాబితాలో తమవారి స్థితి ఉన్నదో లేదో తెలియని కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరిగి అలసిపోతున్నాయి. ఈ విషయాలు తెలిసిన ఒక అమ్మాయి వీధిలో ఉన్నా ఎంతో మేలు.

ఇక తెర ఇవ్వలేనిది బరువు. పద్నాలుగేళ్ల బాలుని మంచం మీదనుండి కుర్చీలోకి చేర్చాలంటే మోకాళ్లు ఎంత వంచాలి, అతనిని శరీరానికి ఎంత దగ్గరగా పట్టుకోవాలి అన్నది వీడియోలో సులభంగానే కనబడుతుంది. చేసినప్పుడు మన నడుమే వంగుతుంది. చేతులు పట్టి లాగితే అతని భుజం కీలు తప్పుతుంది. సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డకు అన్నం పెట్టేటప్పుడు తల వెనుకకు వాలకుండా, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టాలి. భోజనమైన తరువాత అరగంట పడుకోబెట్టరాదు. ఇంతవరకు పాఠం చెబుతుంది. ఆ బిడ్డ గొంతులో ముద్ద దిగినదా, ఆగినదా అన్నది మాత్రం ప్రక్కన ఒక అనుభవజ్ఞురాలు కూర్చుని, “ఇదిగో, ఈ శబ్దం విను” అని చెప్పినప్పుడే తెలుస్తుంది. బిగుసుకున్న కాలిని ఎంతవరకు సాగదీయవచ్చునో ఫిజియోథెరపిస్టు మన చేతిమీద చేయివేసి చూపవలసినదే. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు పైపులైను పేలి మంటలు చెలరేగిన సంగతి కోనసీమ మరువదు. కాలిన గాయం మానిన తరువాత కూడా చర్మం ముడుచుకుని కీళ్లను వంచివేస్తుంది. అటువంటి చేతిని రోజూ సాగదీయటం పుస్తకం చూచి చేయదగిన పని కాదు.

మరొక చిక్కు ఉన్నది. ఈ వీడియోలు చాలావరకు పడమటి దేశాల ఇళ్లలో తీసినవి. అక్కడ మనిషిని ఎత్తే యంత్రం, గోడకు పట్టుకొమ్ములు, చక్రాల కుర్చీ తిరిగేంత స్నానాలగది ఉంటాయి. మన ఇంట ఎత్తైన అరుగు, మూడు మెట్లు, దొడ్డివైపున మరుగుదొడ్డి, గుంటపడిన నవారు మంచం. 2022 జూలైలో గోదావరి పొంగి లంక గ్రామాలలో నీరు చేరినప్పుడు, లేవలేని మనిషిని పడవలోకి ఎలా చేర్చాలి, అతని మందులూ ధ్రువపత్రాలూ తడవకుండా ఎందులో కట్టాలి అన్న పాఠం ఏ విదేశీ కోర్సులోనూ ఉండదు. కోనసీమలో ఈ వృత్తి చేయదలచినవారికి అది మొదటి అధ్యాయమని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియా మాట. మెల్‌బోర్న్, సిడ్నీలలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు ఎందరో ఈ పనే చేస్తున్నారు. వికలాంగుల సహాయానికి అక్కడ 2013లో మొదలైన జాతీయ పథకం వలన ఆ పనికి గిరాకీ ఉన్నది. కాని వారు చదివే ‘సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్’లో కనీసం 120 గంటలు నిజమైన మనుషుల మధ్య, పర్యవేక్షణలో పనిచేస్తేనే ఉత్తీర్ణత. పాఠాలు ఆన్‌లైన్‌లో వినవచ్చు, ఆ గంటలు వినటానికి వీలులేదు. పైగా ఆ సర్టిఫికెట్టు అక్కడ రిజిస్టరైన శిక్షణ సంస్థే ఇవ్వాలి, దానిని చూపితే వీసా దానంతట అది రాదు. బ్రిటన్ సంగతి మరింత హెచ్చరిక. 2022 ఫిబ్రవరిలో సంరక్షకులకు తెరచిన వీసా మార్గాన్ని, విదేశాలనుండి కొత్తగా నియమించుకునే వారికి 2025 జూలై 22తో మూసివేశారు. ఆ మార్గం పేరు చెప్పి నేటికీ ఎవరైనా డబ్బు అడిగితే వారి ఉద్దేశమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

గల్ఫ్‌లో మన తల్లులు, అక్కలు ఖద్దామా పని పేరుతో మంచాన పడిన వృద్ధులను ఎత్తుతున్నారు, కడుగుతున్నారు, తినిపిస్తున్నారు. చేసేది సంరక్షకుని పని, అందేది ఇంటిపని జీతం. సరియైన అర్హతపత్రం విలువ ఏమిటో ఈ తేడాలోనే ఉన్నది. అందుకే దొంగ సర్టిఫికెట్టు మీద నాకు ఇంత కోపం.

కనుక డబ్బు అడిగినవారిని ముందు ఇలా అడగండి: ఈ కోర్సుకు గుర్తింపు ఇచ్చిన సంస్థ పేరేమి, ఆ సంస్థ వెబ్‌సైటులోని జాబితాలో మీ పేరు నేను చూడవచ్చునా? చేతిపని ఎన్ని గంటలు, ఏ ఊరిలో, ఎవరి పర్యవేక్షణలో? పరీక్ష ఎవరు పెడతారు? మధ్యలో మానుకుంటే రుసుములో ఎంత తిరిగి వస్తుంది? జవాబులు వ్రాతపూర్వకంగా తీసుకోండి. “ఈ రోజే ఆఖరు తేదీ” అని తొందరపెట్టేవారికి జవాబు చెప్పకుండా ఫోను పెట్టివేయవచ్చు.

మన కుటుంబాలలో మరొక సంగతి కూడా ఉన్నది. ఎదిగిన ఆడపిల్లకు వైకల్యం ఉంటే ఆమెకు స్నానం చేయించటానికి స్త్రీయే కావాలి. మంచంలోని తాతగారు నమాజు విడువరు. కూర్చుని, కూర్చోలేకుంటే పడుకుని, సైగలతోనైనా చేసుకుంటారు. వుజూకు నీళ్లు అందించే వేళ, తయమ్ముమ్ అవసరమైన వేళ తెలిసిన సంరక్షకురాలు ఆయనకు మందు ఇచ్చే మనిషికన్న ఎక్కువ. తాకేముందు అనుమతి అడగటం, మంచం మీది మనిషిని వదలి తలాపున నిలబడ్డ బంధువుతో మాట్లాడకుండా ఉండటం ఈ చదువులో భాగాలే. ఇవి నేర్చిన అమ్మాయిలు మన ఊళ్లలో అవసరం. ‘ఎవరో ఒకరి మలమూత్రాలు ఎత్తే పని’ అని చిన్నచూపు చూచే పెద్దలు, రేపు తమకు ఎవరు కావలసివస్తారో ఆలోచించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 రూపాయలు. మీ తమ్మునికి ఏది వర్తిస్తుందో సచివాలయంలో కనుక్కోండి. మండలాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు తెలుసుకుని తమ్మునితో వెళ్లండి. బిడ్డను అప్పగించి బయట కూర్చోకుండా, ప్రక్కన నిలబడి చూడండి, మీ చేతితో చేసి తప్పులు దిద్దించుకోండి. ఇంట ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ వేళ ఏమి తిన్నాడు, ఎప్పుడు ప్రక్కకు త్రిప్పారు, మూర్ఛ వస్తే ఎన్ని నిమిషాలు ఉన్నది, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు అన్నవి తేదీతో వ్రాయండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు దానిని డాక్టరుగారి ముందు ఉంచండి. గుర్తింపు గల కోర్సులో ప్రవేశం దొరికిననాడు, వెంట తీసుకువెళ్లవలసినవాటిలో ఆ పుస్తకాన్ని కూడా పెట్టుకోండి.