జోడీ కుదరని సన్నాయి మేళాలు

తిరుపతి: తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1959లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను నెలకొల్పారు. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాలనూ వారే నడుపుతున్నారు. అంతకు మునుపు మన పల్లెల్లో సన్నాయి విద్య తండ్రి నుంచి కొడుక్కు, మేనమామ నుంచి మేనల్లుడికి దక్కేది. పాఠశాల వచ్చాక బయటివారికీ తలుపు తెరుచుకున్నది. సాధనకు మతం అడ్డు రాదని ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా చూపించారు. ఆయనకు 1977లో పద్మశ్రీ లభించింది.

చదువు ముగించి ఊళ్లకు వెళ్లినవారికి అసలు చిక్కు జోడీతోనే. సన్నాయికి డోలు కావాలి, తాళం వేసేవారు, శ్రుతి పట్టేవారు కావాలి. ఒకరికి గుడిలో ఉద్యోగం దొరికితే మేళం చెదిరిపోతుంది. మిగిలినవారికి మాఘమాసంలో తీరిక ఉండదు, ఆషాఢంలో పని ఉండదు. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు ఉత్సవాల్లోనే పాత సహాధ్యాయులు ఎదురుపడుతుంటారు. ఇటు పెళ్లిళ్లకు బ్యాండు మేళం, పెట్టెలో పాట పోటీకి వచ్చాయి. హారతి వేళ మీట నొక్కితే డోలు, గంట కలిసి మోగే యంత్రాలు గుళ్లకు చేరాయి. యంత్రానికి సంభావన ఇవ్వనక్కర లేదు మరి!

కాగా 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోవడంతో పూర్వ విద్యార్థులు వేర్వేరు జిల్లాల వారయ్యారు. శాలువాలు కప్పుకొని విడిపోయే సమ్మేళనాల కంటే, ఏ ఊరిలో సన్నాయి ఎవరు, డోలు ఎవరు అని మండలాల వారీగా ఒక పట్టిక రాసి పంచాయతీ కార్యాలయాల్లో ఉంచితే పెళ్లివారికీ వెతుకులాట తప్పుతుంది. దీనికి ఖర్చు పెద్దగా ఉండదు. తిరునాళ్లలో కలిసినప్పుడు పేర్లు రాసుకోవడంతో మొదలుపెట్టవచ్చు.