మూడు కొటేషన్లు, ఒకటే దస్తూరీ

మొన్న జుమ్మా నమాజయ్యాక మసీదు బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక పాత దోస్తు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. "భాయ్, నీ లెటర్‌హెడ్ ఒకటి కావాలి. కొటేషన్ నేనే రాసుకుంటా. నువ్వు స్టాంపేసి సంతకం పెట్టు చాలు" అన్నాడు. ఇవ్వనన్నాను. మజాక్ చేస్తున్నాననుకుని నవ్వాడు. రెండోసారి కూడా ఇవ్వనన్నాక మొహం మాడ్చుకుని, "హజ్ చేసొచ్చినవాడిలా మాట్లాడుతున్నావేంట్రా!" అన్నాడు.

హజ్ నసీబ్ ఇంకా కాలేదు. ఇరవై రెండేళ్లుగా గుంటూరులో గోడలకు రంగులేస్తున్నాను, చిన్నాచితకా రిపేరు పనులు పడుతున్నాను. ఇన్నేళ్లలో ఎంతమందికి నా లెటర్‌హెడ్ ఇచ్చానో హిసాబ్ లేదు. నాకంటే నా స్టాంపే ఎక్కువ ఆఫీసులు తిరిగింది. కాబట్టి ఇది పాక్ సాఫ్ మనిషి రాస్తున్నదనుకోకండి. చేసి చేసి విసుగొచ్చి, సిగ్గొచ్చి రాస్తున్నది.

ఈ లైన్లో లేనివాళ్ల కోసం సంగతి చెప్తాను. బడికో, మసీదుకో, హాస్టల్‌కో ఏదైనా పని చేయించాలంటే కమిటీ మూడు కొటేషన్లు తీసుకోవాలి. ఎవరిది తక్కువైతే వాళ్లకి పని. ఖాయిదా మంచిదే. కానీ చాలాచోట్ల పని ఎవరికివ్వాలో ముందే ఖరారైపోయి ఉంటుంది. ఆ ఖరారైనవాడికే చెప్తారు, "మిగతా రెండూ కూడా నువ్వే పట్రా" అని. వాడు ఇద్దరు దోస్తుల లెటర్‌హెడ్లు తెచ్చుకుని, ఒకటే బల్ల మీద, ఒకటే పెన్నుతో మూడూ రాసేస్తాడు. కాస్త హుషారైనవాడైతే మూడోది కూతురి చేత రాయిస్తాడు. మేం దీన్ని 'సపోర్టింగ్' అంటాం. ఎంత ముద్దు పేరో చూడండి.

ఒక్క పని లెక్క చెప్తాను. కొన్నేళ్ల కిందట మనవాళ్లే నడిపే ఒక స్కూలు, బయట గోడలు 12,000 చదరపు అడుగులు. పాత రంగు గీకి, ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు, సరుకూ కూలీ కలిపి అప్పటి ధరల్లో అడుగుకు 14 రూపాయలిస్తే కాంట్రాక్టరుకు లాభం కూడా మిగిలేది. అంటే 1,68,000. నా దోస్తు 18 వేశాడు, 2,16,000. నా కాగితం మీద 20 రాశాడు, 2,40,000. ఇంకొకడి కాగితం మీద 21, అది 2,52,000. ఫైలు చూసినవాడికి నా దోస్తే సస్తా. కమిటీ మీటింగులో "అల్‌హమ్‌దులిల్లాహ్, తక్కువలో అయిపోయింది" అనుకున్నారట. పిల్లల ఫీజులు, జనం ఇచ్చిన చందాలు కలిపి పెట్టుకున్న డబ్బులోంచి 48,000 అలా వెళ్లిపోయింది. ఎవరి జేబులోకి ఎంత పోయిందో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నా వంతు ఒక ప్లేటు బిర్యానీ.

రెండేళ్ల తర్వాత అదే స్కూల్లో క్లాసు గదులకు రంగులంటే నేను నిజంగానే రేటిచ్చాను. పైసా పైసా లెక్కేసి ఇచ్చాను. అక్కడి పెద్దసారు కొటేషన్ విప్పి కూడా చూడలేదు. "వద్దు భాయ్, మీ రేట్లు మాకు తెలుసు. చాలా మహంగా. పోయినసారే చూశాంగా" అన్నారు. ఏం జవాబు చెప్పను? ఆ రేటు నాది కాదు సార్, కింద సంతకం ఒక్కటే నాది అననా?

"మదద్ చేశానంతే, నా జేబులోకి పైసా రాలేదు, ఇందులో గునా ఏముంది?" ఇది అందరూ చెప్పే దలీల్. నేనూ ఇన్నేళ్లు అదే చెప్పుకున్నాను. మన దీన్ కితాబుల్లో నజష్ అని ఒక మాటుంది. కొనే ఇరాదా లేనివాడు బేరంలోకి దూరి, నిజంగా కొనేవాడిని బుట్టలో వేయడానికి రేటు పెంచడం. హదీసుల్లో దానికి సాఫ్‌గా మనాహీ ఉంది. వేలం పాడుకోవడం జాయజే, అబద్ధపు పాటగాడే హరామ్. మన సపోర్టింగ్ దానికి సొంత తమ్ముడు. అక్కడ కొనే ఇరాదా లేనివాడు రేటు చెప్తాడు, ఇక్కడ పని చేసే ఇరాదా లేనివాడు చెప్తాడు. అక్కడ మోసపోయేది కొనేవాడు, ఇక్కడ మోసపోయేది చందా ఇచ్చినవాడు. మధ్యలో నిలబడ్డవాడికి కమీషన్ ముట్టిందా, బిర్యానీ ముట్టిందా, ఏమీ ముట్టలేదా అన్నదానితో ఆ అబద్ధం నిజమైపోదు కదా. సూరె ముతఫ్ఫిఫీన్ మీద బయాన్ విన్నప్పుడల్లా మనకు కిరాణా కొట్టు తక్కెడే గుర్తొస్తుంది. చదరపు అడుగు కూడా తూకమే భాయీ.

పెద్ద టెండర్లలో దీన్నే రింగ్ అంటారు. పోటీలోంచి తప్పుకున్నవాడికి ఇచ్చే డబ్బు పేరు గుడ్‌విల్. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్‌లో దీని పేరు బిడ్ రిగ్గింగ్. రింగయిన రోడ్ల గురించి, కాలవల గురించి చాయ్ కొట్టు దగ్గర గంటలు గంటలు తిట్టుకుంటాం. మళ్లీ అదే చాయ్ కొట్టు బల్ల మీదే లెటర్‌హెడ్ మీద స్టాంప్ గుద్దిస్తాం.

సరే, సపోర్టింగ్ మానేసి నిజంగా పోటీ పడితే ఇన్సాఫ్ జరిగిపోతుందా? ఇక్కడే నాకు నిద్ర పట్టదు. 14 పడే పనికి ఒకడు 9 వేస్తాడు. ఆ 5 రూపాయలు ఆస్మాన్ నుంచి రాలవు. ముందు ప్రైమర్ మాయమవుతుంది. ఎమల్షన్‌లో నీళ్లు పెరుగుతాయి. రెండో కోటు రోడ్డు వైపు గోడకే పడుతుంది. స్లాబులూ పిల్లర్లూ వేసేవాడైతే 6 అంగుళాలకొకటి కట్టాల్సిన రింగులు (ఇవి ఇనప రింగులు) 8 అంగుళాలకు జరుగుతాయి. అదీ చాలకపోతే కుర్రాళ్ల కూలీ. సర్కారు పనుల్లో ఎస్టిమేట్ మీద 25 శాతం దాటి లెస్ వేసినవాడి దగ్గర ఆ మించిన తేడాకు అదనంగా డిపాజిట్ కట్టించుకునే నియమం ఉంది. పిచ్చి తగ్గింపులో కూడా దగా ఉంటుందని సర్కారుకే షక్ వచ్చిందన్నమాట. మన కమిటీలకు మాత్రం రాదు. ఎంత తగ్గిస్తే అంత నేక్ మనిషి.

మసీదు పనైతే మరీను. "అల్లాహ్ ఘర్ పని, సవాబ్ కోసం తగ్గించు" అంటారు సదర్ సాబ్. నా లాభం నేను వదులుకోగలను, అది నా హక్. కానీ నా దగ్గర పరంజా ఎక్కే ఐదుగురి సవాబ్ నేనెట్లా రాసిస్తాను? వాళ్లని ఎవరన్నా అడిగారా? చెమట ఆరకముందే మజ్దూరీ ఇమ్మన్న మాట మన మసీదు గోడల మీద అందంగా రాయించుకుంటాం. ఆ అక్షరాలు రాసినవాడి బిల్లు మూడు నెలలు తిప్పుతాం. పూర్తి రేటు ఇవ్వండి సదర్ సాబ్. రశీదు పుస్తకం తెండి, నాకు తోచినంత చందా రాస్తాను.

ఆ శుక్రవారం నా దోస్తు చివర్లో ఇంకో మాటన్నాడు. "నీ ఈమాన్ నీ కుర్రాళ్లకి అన్నం పెడుతుందా? నువ్వివ్వకపోతే ఇంకోడిస్తాడు. రేపు నీకు సపోర్టింగ్ కావాల్సొస్తే ఏ గల్లీకి పోతావు?" అబద్ధం కాదు. ఈ రెండు నెలల్లో రెండు పనులు పోయాయి. ఒక్క కొటేషన్ పట్టుకుని పోతే "మిగతా రెండేవి?" అని అడిగారు. ఐదుగురిలో ఒక కుర్రాడు వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోయాడు. వాడి అమ్మకు షుగర్, ఇన్సులిన్ కొనాలి. నా జమీర్ ఖర్చు వాడెందుకు భరించాలి? ఈ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు.

కమిటీలకు ఒక్కటే గుజారిష్. కొటేషన్లు తెప్పించే పని కాంట్రాక్టరుకు అప్పజెప్పకండి. కొలతల కాగితం, ఎన్ని కోట్లు, ఏ సరుకు అన్నది మీరే రాసి, మీ మనిషినే ముగ్గురి దగ్గరికి పంపండి. కవర్లు జుమ్మా తర్వాత నలుగురి ముందు విప్పండి. బిల్లు పదిహేను రోజుల్లో ఇవ్వండి. మీరు తిప్పే మూడు నెలల వడ్డీ కూడా మేం రేటులో కలిపే వేస్తాం, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు.

ఇక నా రేటు. దాచుకునేదేం లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. బయట గోడలకు గీకుడు, ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు, సరుకు, కూలీ, పరంజా అన్నీ కలిపి ఈ నెల అడుగుకు 19. ముప్పై శాతం అడ్వాన్స్. పక్కవాడు 16కే చేస్తానంటే వాడికే ఇవ్వండి, నాకేం నారాజ్ లేదు. కాకపోతే 12,000 అడుగులకు 20 లీటర్ల ప్రైమర్ బకెట్లు ఐదారు పడతాయి. ఖాళీ బకెట్లు లెక్కపెట్టుకున్నాకే బిల్లు పాస్ చేయండి.