పికప్ క్యాబిన్‌లో పాట: ముందు వైరు, తర్వాతే వాట్లు

మదనపల్లెకు టమాటా, గుంటూరు యార్డుకు మిర్చి, కడియం నర్సరీల నుంచి మొక్కలు, భీమవరం వైపు నుంచి ఐసులో పెట్టిన చేపలు. తెలుగు జిల్లాల్లో ఇలాంటి సరుకు చాలావరకు కదిలేది చిన్న బండ్ల మీదే. బొలెరో పికప్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా జీతో ఇందులో ముందుంటాయి. వీటిని నడిపేవాళ్లు లోడు కోసం కాచుకునేదీ, క్యారియర్ విప్పి అన్నం తినేదీ, కునుకు తీసేదీ క్యాబిన్‌లోనే. ఆ ఇరుకు గదిలో కంపెనీ ఇచ్చే వినోదం మాత్రం నామమాత్రం. చాలా బేస్ మోడళ్లలో డ్యాష్‌బోర్డు మీద సెట్టు బిగించుకోవడానికి ఓ ఖాళీ చోటు కనిపిస్తుంది, అంతే. అందుకే కొత్త బండికి పూజ చేయించి, నంబరు ప్లేటు బిగించుకున్నాక చాలామంది నేరుగా కార్ డెకార్స్ షాపుకే వెళతారు.

ఈ ఖర్చును జల్సా కింద లెక్కగట్టే యజమానులున్నారు. ఆ లెక్క సరికాదు. రోజుకు పది పన్నెండు గంటలు ఒక్కడే కూర్చుని పనిచేసే మనిషికి పాట తోడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్‌ను కేంద్రం తప్పనిసరి చేసింది. డ్రైవరు సీటు కూడా పని చేసే చోటేనని, అక్కడ మనిషి సుఖంగా ఉండాలని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భమది. అయితే ఆ నిబంధన మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన సరుకు వాహనాలకే వర్తిస్తుంది. పికప్‌లూ ఏస్‌లూ దాని పరిధిలోకి రావు. వాటి డ్రైవర్లు తమ సౌకర్యం తామే చూసుకోవాలి, తమ జేబులోంచే పెట్టుకోవాలి.

అలా కష్టపడి పెట్టిన డబ్బు ఎక్కువగా తప్పు చోటికి పోతోందన్నదే ఇక్కడి బాధ. షాపులో మొదటి ప్రశ్న ‘ఎన్ని వాట్లు?’ అనే ఉంటుంది. వైరు ఎంత మందం, ఫ్యూజు ఎక్కడ అని అడిగేవారు అరుదు. పాట బాగుండాలన్నా, బండి భద్రంగా ఉండాలన్నా ఈ వరుస తిరగబడాలి.

ముందు వాట్ల సంగతి. స్టీరియో డబ్బా మీద ‘50 వాట్లు × 4’ అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అది రెప్పపాటు కాలం అందే గరిష్ఠ శక్తి. ఎడతెగకుండా ఇచ్చే శక్తిని ఆర్ఎంఎస్ అంటారు. ఇలాంటి సెట్లలో అది ఒక్కో స్పీకరుకు సుమారు 20 వాట్లు. బయట విడిగా అమ్మే యాంప్లిఫయర్లలో కొన్నిటి మీద వేల వాట్లు రాసి ఉంటాయి. లోపల ఉన్న ఫ్యూజు 30 ఆంపియర్లదే అయితే, 12 వోల్టుల బండిలో ఆ యాంప్ బ్యాటరీ నుంచి నిలకడగా లాగగలిగేది 400 వాట్ల చుట్టుపక్కలే. స్పీకర్లకు చేరేది అంతకంటే తక్కువ. డబ్బా మీది అంకె కన్నా ఆ చిన్న ఫ్యూజే ఎక్కువ నిజం చెబుతుంది.

పైగా వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదు. శక్తి రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కాస్తంత తేడా. మనిషికి ‘రెండింతలు గట్టిగా ఉంది’ అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. 200 వాట్ల యాంప్ తీసేసి 400 వాట్లది పెట్టించిన డ్రైవరుకు ఖర్చు తెలిసినంతగా తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

తేడా తెలిసేది బ్యాటరీకి, వైరుకు. 400 వాట్లు ఇచ్చే యాంప్ డప్పు దెబ్బ పడిన క్షణాల్లో 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు హెడ్‌లైట్లు కలిపి లాగేది 9 ఆంపియర్లే. ఆ కరెంటు బానెట్ కింది బ్యాటరీ నుంచి సీటు వెనక యాంప్ దాకా నాలుగు మీటర్లు ప్రయాణించాలి. ఇంటి లైటింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో లాగితే దారిలోనే 1.8 వోల్టులు పోతాయి, ఆ వైరు 70 వాట్లకు పైగా వేడిగా మారుస్తుంది. అదే 4 గేజ్ రాగి తీగ, అంటే సుమారు 21 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 0.13 వోల్టుకు తగ్గుతుంది, వేడి ఐదు వాట్లకు పడిపోతుంది. సన్న కేబులు లాగిన బోరు మోటారు ఎలా మూలిగి కాలిపోతుందో ప్రతి రైతుకూ తెలుసు. బండిలో జరిగేదీ అదే. కాకపోతే ఇక్కడ ఆ వైరు కార్పెట్ కింద, డీజిల్ పైపుకు కాస్త దూరంలో, కంటికి కనపడకుండా వేడెక్కుతుంది.

బజారులో తక్కువ ధరకు దొరికే యాంప్ కిట్లలో వైరు పైకి రాగిలా మెరిసినా లోపల అల్యూమినియం ఉండవచ్చు. దాని మీద సీసీఏ అని ఉంటుంది. అదే మందంలో రాగి కంటే దానికి నిరోధం ఎక్కువ, కాబట్టి అది వాడితే ఒక సైజు పెద్దది వేయాలి. ఈ మాట కొనేవాడికి చెప్పడం షాపువాడి బాధ్యత.

ఫ్యూజు ఎక్కడుండాలన్నది మరీ ముఖ్యం. బ్యాటరీకి మూరెడు లోపే ఉండాలి. యాంప్‌కు ఉన్న ఫ్యూజు యాంప్‌ను మాత్రమే కాపాడుతుంది. మధ్యలో ఉన్న నాలుగు మీటర్ల వైరు ఎక్కడైనా రేకు అంచుకు ఒరుసుకుని బాడీకి తగిలితే, బ్యాటరీలోని కరెంటంతా ఆ ఒక్క చోట నిప్పులు కక్కుతుంది. బ్యాటరీ దగ్గరున్న ఫ్యూజు ఒక్కటే దాన్ని ఆపగలదు. ఫైర్‌వాల్ రేకులోంచి వైరు లోపలికి వచ్చేచోట రబ్బరు గ్రోమెట్ పెట్టడానికి పట్టేది ఐదు నిమిషాలు. గతుకుల్లో నిత్యం అదిరే సరుకు బండికి ఆ చిన్న రబ్బరు ముక్క పెద్ద రక్ష.

సెట్టు వెనకాల అతుకుల సంగతీ ఇంతే. రెండు తీగలు మెలేసి నల్ల టేపు చుడితే, మన వేసవిలో ఎండలో నిలిపిన బండి లోపలి వేడికి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. బండి వైరింగ్ కోయకుండా ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ కొనుక్కోవచ్చు. కంపెనీ వైరు కోస్తే వారంటీ విషయంలో వాదనకు తావిచ్చినట్టే. స్టీరియో వైర్లకు ప్రపంచమంతటా చాలావరకు ఒకే రంగుల పద్ధతి ఉంది: పసుపు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటుకు, నలుపు ఎర్తుకు. పసుపూ ఎరుపూ కలిపి ఒకేచోట బిగించే పనివాళ్లున్నారు. అప్పుడు తాళం తీసినా సెట్టు మేలుకునే ఉంటుంది. లోడు ఎత్తాల్సిన తెల్లవారుజామున బండి స్టార్టు కాకపోతే డ్రైవరు బ్యాటరీని తిడతాడు. తప్పు ఆ అతుకుది.

ఇక పాట నాణ్యత. పికప్‌లో అసలు అడ్డంకి స్పీకరు కన్నా తలుపు. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు వెనక వైపు దానికి సరిగ్గా వ్యతిరేకమైన అల పుడుతుంది. తలుపు లోపలి రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలుంటే ఆ వెనక అల ముందుకు వచ్చి ముందు అలను చంపేస్తుంది. మొదట పోయేది బేస్. మరో బెడద, పలుచని రేకు పాటతో పాటు తానూ మోగుతుంది. ఒకవైపు అల్యూమినియం రేకు, మరోవైపు జిగురుగా ఉండే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటును లోపలి రేకుకు అతికించి, రంధ్రాలు మూస్తే, పాత స్పీకరే కొత్తగా పలుకుతుంది. కిందికి నీరు కారే కన్నాలు మాత్రం మూయకూడదు, మూస్తే తలుపు తుప్పు పడుతుంది.

2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌లో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను సరిగ్గా సీటు కిందే ఉండేది. అలాంటి బండిలో ఫ్లోరుకు, సీటు కింది మూతకు వేడిని తట్టుకునే షీటు వేయించుకుంటే ఇంజను రొద తగ్గుతుంది. రొద తగ్గితే పాట వాల్యూమ్ కూడా తగ్గించుకోవచ్చు. ఇంజనును గెలవడానికి పాట పెంచేకన్నా, ఇంజనునే కాస్త అణచడం చెవికీ మేలు, ఖర్చుకూ మేలు.

బేస్ కావాలనుకోవడం తప్పేమీ కాదు. డప్పు, డోలు, తాషా వింటూ పెరిగిన చెవులవి. సింగిల్ క్యాబ్‌లో సీటు వెనక చోటు కొన్ని అంగుళాలే కనుక అక్కడ పన్నెండంగుళాల వూఫరు పెట్టె ఇరికిస్తే సీటు నిటారుగా మారి డ్రైవరు నడుముకు చేటు. లోతు తక్కువుండే వూఫరు, లేదా యాంప్ తనలోనే ఉండే అండర్‌సీట్ సబ్ ఇలాంటి బండికి తగినవి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటి డబుల్ క్యాబ్‌లో వెనక సీటు కింద చోటు దొరుకుతుంది. ఎక్కడ పెట్టినా యాంప్‌కు గాలి ఆడాలి. ఎర్తు తీగను రంగు గీకిన శుభ్రమైన ఇనుముకు బోల్టుతో బిగించాలి. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ స్పీకర్లలో సన్నగా కూత వినిపిస్తుంటే అనుమానించాల్సింది ముందుగా ఆ ఎర్తునే, తర్వాత కరెంటు వైరును ఆనుకుని వేసిన, సెట్టు నుంచి యాంప్‌కు పాటను మోసే ఆర్‌సీఏ కేబులునే.

చెవికీ ఓ లెక్క ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలకు మించి ఉండొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ సూచిస్తుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుంది: 88కి నాలుగు గంటలు, 94కి ఒక్క గంట, 100కి పావుగంట. పది గంటలు నడిపే డ్రైవరు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. వెనకొచ్చే అంబులెన్సు వినపడాలి, టైరు పేలిన చప్పుడు వినపడాలి. పాట నిద్రకు విరుగుడనే నమ్మకమూ ప్రమాదమే. కళ్లు మూతపడుతున్నాయంటే బండి పక్కకు ఆపి పడుకోవాలి, వాల్యూమ్ పెంచి నడపకూడదు.

ఇక్కడ ఒక గీత గీయక తప్పదు. ఇదంతా క్యాబిన్ లోపలి పాట గురించి. ట్రాలీ మీద డీజే బాక్సులు గోడలా పేర్చి ఊరేగింపుల్లో తిప్పే బండ్లు వేరే కథ. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పసిపిల్లలు, గుండె జబ్బులున్నవాళ్లు, పరీక్షలకు చదువుకునేవాళ్లు ఉన్న వీధుల్లో అది సమంజసమైన నిర్ణయం. ఆ మోత పేరు చెప్పి సొంత క్యాబిన్‌లో పాట వినే డ్రైవరును కూడా అల్లరివాడిలా చూడటం మాత్రం అన్యాయం.

పరిష్కారాలు కష్టమైనవేమీ కావు. కంపెనీలు బేస్ మోడల్ పికప్‌లో కూడా స్పీకరు వైర్లు, ఫ్యూజు ఉన్న విడి కరెంటు లైను, ప్రామాణిక కప్లరు వేసి ఇవ్వాలి. ఫ్యాక్టరీలో వాటికయ్యే ఖర్చు బండి ధర ముందు చాలా స్వల్పం. ఐటీఐ మోటార్ మెకానిక్ విద్యార్థులకు ఆడియో వైరింగ్‌లో కొన్ని వారాల శిక్షణ ఇస్తే, విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న పట్టణాల డెకార్స్ షాపుల దాకా చేయి తిరిగిన పనివాళ్లు దొరుకుతారు. వాళ్లకు ఉపాధీ దొరుకుతుంది.

డ్రైవర్లు, యజమానులు ఇప్పటికిప్పుడు చేయదగినవీ ఉన్నాయి. చేతిలో ఉన్న బడ్జెట్‌లో కనీసం మూడో వంతు వైరు, ఫ్యూజు, డ్యాంపింగ్ షీటు, మంచి పనివాడి కూలి కోసం పక్కన పెట్టాలి. ఆర్ఎంఎస్ ఎంతో, వైరు రాగిదో కాదో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో బిల్లు మీద రాయించుకోవాలి. ఆ బిల్లు బీమా ఏజెంటుకు చూపించాలి. కంపెనీ బిగించని ఎలక్ట్రికల్ సామాను విలువ పాలసీలో విడిగా చేర్పిస్తేనే దొంగతనానికో, ప్రమాదానికో దానికి పరిహారం వస్తుంది. మోటారు టారిఫ్ ప్రకారం అందుకు ప్రీమియం విలువలో 4 శాతం. అంటే 20 వేల రూపాయల సెట్టుకు ఏడాదికి 800 రూపాయలు, పన్ను అదనం.