బంగారు స్నానాలగదిలో కనిపించనిది

బుఖారెస్ట్‌లో చౌసెస్కు దంపతులు కాపురమున్న భవనాన్ని 2016 నుంచి టికెట్టు కొని చూడొచ్చు. బంగారు పూత పూసిన స్నానాలగది, ఈతకొలను చూసి ముక్కున వేలేసుకుని, ఫోటోలు దిగి వచ్చేస్తారు. బెర్లిన్‌లో పాత ట్రాబంట్ కార్లలో షికారు తిప్పుతారు. 2006లో తెరిచిన డీడీఆర్ మ్యూజియంలో ఆనాటి ఫ్లాటులో కాసేపు కూర్చోవచ్చు. తూర్పు జర్మనీ మీది ఈ బెంగకు జర్మన్లు ‘ఓస్టాల్జీ’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

బెంగపడటం తప్పని నేననను. ఎవరి జ్ఞాపకాన్ని అమ్ముతున్నారు, ఎవరి జ్ఞాపకాన్ని దాస్తున్నారు అన్నదే నా పేచీ.

రుమేనియాలో 1966లో 770వ డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. దేశానికి జనాభా కావాలి, కనాల్సింది ఆడవాళ్ళు! 1980లలో ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు గర్భపరీక్షలు చేయించి నిఘా పెట్టారు. దొంగచాటు గర్భస్రావాల వల్ల 1989 నాటికి సుమారు 10,000 మంది చనిపోయారని అంచనా. ఆ డిసెంబరులో ప్రభుత్వం కూలగానే కొత్త పాలకులు మొదట రద్దు చేసిన చట్టాల్లో ఇదొకటి. నియంత దుబారాకి సాక్ష్యంగా స్నానాలగది ఉంది. వంటింటి బల్లమీద రక్తస్రావంతో పోయిన మనిషికి సాక్ష్యంగా ఏ గదిని చూపిస్తారు?

అలాగని ‘కమ్యూనిజమంటే ఇంతే’ అని చేతులు దులుపుకునే వాళ్ళతోనూ నాకు పేచీయే. అదే ఎర్రజెండా కింద తూర్పు జర్మనీ 1972లో, తొలి 12 వారాల్లో గర్భం ఉంచుకోవాలో వద్దో నిర్ణయించుకునే హక్కును స్త్రీకే ఇచ్చింది. రెండు జర్మనీలు కలిశాక ఆ హక్కు పోయింది. 1995 చట్టం ప్రకారం గర్భస్రావం చట్టవిరుద్ధమే, కాకపోతే కౌన్సెలింగ్‌కి వెళ్ళొస్తే శిక్ష ఉండదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాక తూర్పు ప్రాంతపు నిరుద్యోగుల్లో సగానికి పైగా స్త్రీలే. అయితే ఆ పాత రాజ్యమూ పితృస్వామ్యాన్ని వదుల్చుకోలేదు. ఇంటిపని చేసుకోమని నెలకొకరోజు జీతంతో సెలవిచ్చింది, అదీ ప్రధానంగా ఆడవాళ్ళకే. చీపురు మాత్రం చేతులు మారలేదు.

పొందినదీ, పోగొట్టుకున్నదీ, భరించినదీ కలిసిన ఈ చరిత్ర టూరిస్టు ప్యాకేజీలో ఇమడదు. అందుకు నవ్వుకోడానికొక కారు, ఈసడించుకోడానికొక నియంత ఉంటే చాలు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన కదిలిస్తే, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. ఆ రోజుల మీది ప్రేమనీ, తర్వాత ఇళ్ళకు పొమ్మన్నారన్న బాధనీ వాళ్ళు ఒకే నోటితో చెప్పారు. ఏ ఒక్కటీ దాచలేదు. ఆడవాళ్ళు గతాన్ని తలుచుకునే తీరు అది. అలా తలుచుకోనిచ్చే గది ఒక్కటి ఆ మ్యూజియాల్లో ఉంటే, టికెట్టు కొని నేనూ వెళతాను.